జ్ఞానస్నానపు తొట్టి పక్కన నేర్చుకున్న పాఠాలు

పల్నాడు వైపు ఒక విచారణలో (పారిష్‌లో) చాలా ఏళ్లు ఉపదేశిగా ఉన్నాను. పగలు మిషన్ బడిలో పంతులు ఉద్యోగం, సాయంత్రాలూ ఆదివారాలూ గుడి పని. ఉపదేశి అంటే పట్నం వాళ్లకు తెలియకపోవచ్చు. గురువులు ఎప్పుడో వచ్చిపోయే పల్లెల్లో ప్రార్థన నడిపేది ఆయనే, పిల్లలకు జపాలు నేర్పేది ఆయనే. పుట్టుకకైనా చావుకైనా ముందు కబురందేది ఆయనకే. జ్ఞానస్నానం ఇచ్చేది గురువులు. నా పనంతా దానికి ముందూ తరువాతా ఉండేది. తల్లిదండ్రులతో మాట్లాడటం, జ్ఞాన తల్లిదండ్రులు ఎవరో కనుక్కోవడం, పెద్దవాళ్లయితే నెలల తరబడి సత్యోపదేశం చెప్పడం, అన్నీ అయ్యాక పుస్తకంలో రాయడం.

ఇప్పుడు నా శిష్యుల పిల్లలు హైదరాబాదు నుంచీ డాలస్ నుంచీ ఫోన్లు చేస్తుంటారు. అడిగేవి అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కనుక ఒకచోట రాసిపెడుతున్నాను.

1. ముందు ఫాదర్‌గారు, తరువాత ఫంక్షన్ హాలు

"మేస్టారూ, పదిహేనో తారీకు హాలు దొరికింది. ఆ పొద్దున పాపకు జ్ఞానస్నానం ఇప్పించేయండి" అంటారు. హాలు అయింది, వంటవాళ్లు అయ్యారు, ఫోటోల వాళ్లకు అడ్వాన్సు కూడా అయింది. ఇక మిగిలింది గుడి ఒక్కటే.

తిరుసభ చట్టం చెప్పేది దీనికి తిరగేసి ఉంటుంది. బిడ్డ పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే జ్ఞానస్నానం జరగాలి. పుట్టగానే, వీలైతే పుట్టకముందే తల్లిదండ్రులు విచారణ గురువును కలిసి సంగతి చెప్పాలి, తామూ తయారుకావాలి. ఆ తయారీ బిడ్డకు కాదు, వాళ్లకు. గుడి ముందు నిలబడి బిడ్డ తరఫున విశ్వాసం ప్రకటించేది వాళ్లే కదా. 'విశ్వసిస్తున్నాను' అని పెద్దగా చెప్పమంటే సిగ్గుపడి ఒకరి మొహం ఒకరు చూసుకునే జంటల్ని చాలామందిని చూశాను. పెళ్లయ్యాక మళ్లీ గుడి గడప తొక్కని వాళ్లకు ఆ మాట గొంతు దాటి రాదు మరి.

మా చిన్నప్పుడు ఆలస్యమంటే భయం. బిడ్డ పుట్టి వారం తిరక్కుండా ఎత్తుకొచ్చేవారు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిగుడ్డు ఎక్కడికి పోతుందోనన్న దిగులు కొందరు తల్లుల్ని ముసలితనం దాకా తినేసింది. 2007లో వాటికన్‌లోని అంతర్జాతీయ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించింది. అలాంటి పసివాళ్లు దేవుని సన్నిధికి చేరతారని ఆశపడటానికి గట్టి కారణాలే ఉన్నాయని అందులో చెప్పింది. ఆ ఊరట మా అమ్మల కాలంలో అందివుంటే ఎంత బాగుండేది! భయం పోయినందుకు నాకు సంతోషమే. దాంతోపాటు శ్రద్ధ కూడా పోయింది, అదే బాధ. అమెరికా బాబాయికి సెలవు దొరికేదాకా అని ఆపి, బిడ్డ పరుగెత్తే వయసుకు తీసుకొస్తున్నారు. అప్పుడు తొట్టి దగ్గర వాడిని పట్టుకోవడానికే ఇద్దరు కావాలి.

ఇంకొక మాట. బిడ్డను కతోలిక విశ్వాసంలో పెంచుతారన్న ఆశ బొత్తిగా లేకపోతే గురువు జ్ఞానస్నానాన్ని వాయిదా వేయవచ్చు. అది వాయిదా మాత్రమే, తిరస్కారం కాదు. కారణం కూడా తల్లిదండ్రులకు చెప్పాలి. తల్లిదండ్రుల పెళ్లి గుడిలో కాలేదనో, తల్లి ఒంటరిదనో బిడ్డను వెనక్కి పంపడం మాత్రం తప్పు. పోపు ఫ్రాన్సిస్‌గారు అలా పంపే గురువుల్ని బాహాటంగానే మందలించారు.

2. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వవచ్చు

ఇది ప్రతి కతోలిక ఇంట్లో తెలిసివుండాలి. చాలామందికి తెలియదు. బిడ్డ ప్రాణాపాయంలో ఉండి, గురువులు అందే వీలు లేకపోతే, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. తండ్రి, అమ్మమ్మ, నర్సు ఎవరైనా సరే. ఇచ్చేవారు క్రైస్తవులు కూడా కానక్కరలేదు. తిరుసభ ఏ ఉద్దేశంతో ఇస్తుందో ఆ ఉద్దేశంతో ఇస్తే చాలు. మంచినీళ్లు తీసుకుని బిడ్డ తలమీద మూడుసార్లు పోస్తూ, పేరు పెట్టి పిలిచి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నానని చెప్పాలి. ఇంక్యుబేటరులో ఉన్న బిడ్డయితే డాక్టరును అడిగి కొద్దిపాటి నీళ్లు వాడండి. నీళ్లు చర్మం మీద పారాలి.

బిడ్డ బతికిందనుకోండి. మళ్లీ జ్ఞానస్నానం ఉండదు. గుడికి తెచ్చి తైలం, తెల్లబట్ట, దీపం లాంటి మిగతా ఆచారాలు పూర్తిచేస్తారు, పుస్తకంలో రాస్తారు. ఆసుపత్రిలో ఇచ్చింది ఎవరో, ఏ రోజో గురువులకు చెప్పడం మరవద్దు.

పరాయి వాళ్ల బిడ్డ మీద, వాళ్లు అడక్కుండా, ఎంత భక్తితోనైనా నీళ్లు పోయకండి. మన నేలమీద అది భక్తి అనిపించుకోదు.

3. మాట మారకూడదు

జ్ఞానస్నానం చెల్లడానికి కావలసినవి చాలా తక్కువ: నీళ్లు, ఆ కొన్ని మాటలు, సరైన ఉద్దేశం. తక్కువ గనుకనే వాటిలో రవ్వంత కూడా మార్చకూడదు. 'నేను' అనవలసిన చోట కొందరు గురువులు 'మేము' అంటున్నారని, అలా ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ తేల్చిచెప్పింది. అక్షరం తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. 2022లో అమెరికాలోని ఫీనిక్స్ మేత్రాసనంలో (డయోసిస్‌లో) ఒక గురువు ఏళ్ల తరబడి అలాగే 'మేము' అంటూ వచ్చారని బయటపడింది. వేలమంది మళ్లీ గుడికి రావలసి వచ్చింది. జ్ఞానస్నానమే చెల్లకపోతే దానిపైన ఆధారపడిన భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఏమైనట్టు, కొందరి పెళ్లి ఏమైనట్టు? ఎవరికి ఏం చెప్పాలో తెలియక ఆ మేత్రాసనం సతమతమైపోయింది. ఇచ్చేది క్రీస్తు, గురువు ఆయన స్థానంలో నిలబడి మాట్లాడతాడు. ఊరి తరఫున మాట్లాడడు. తేడా అక్కడుంది.

మా దగ్గర ఫోటోల వాళ్ల గొడవ ఒకటి. "ఫాదర్, ఫ్లాష్ పడలేదు, ఇంకొక్కసారి పోయండి" అంటారు. పోయరు. పోయకూడదు కూడా. జ్ఞానస్నానం మనిషికి జీవితంలో ఒక్కసారే.

4. జ్ఞాన తండ్రిని ఎంచుకునేటప్పుడు గొలుసు చూడకండి

ఈ పాఠం కొంచెం పెద్దది. నేను ఎక్కువ మాటలు పడింది దీని దగ్గరే.

చట్టం అడిగేది ఇది: జ్ఞాన తండ్రి గానీ తల్లి గానీ ఒక్కరున్నా చాలు; ఇద్దరుంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ. పదహారేళ్లు నిండాలి. కతోలికులై, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం పొందినవారై, ఆ విశ్వాసానికి తగ్గట్టు బతుకుతున్నవారై ఉండాలి. బిడ్డ సొంత తల్లిదండ్రులు పనికిరారు. అంతే. డబ్బు గురించి, పలుకుబడి గురించి చట్టంలో ఒక్క ముక్క లేదు.

మనవాళ్ల లెక్క వేరు. మెడలో గొలుసు ఎవరు వేస్తారు, రేపు బిడ్డ కాలేజీ సీటుకు ఎవరి మాట చెల్లుతుంది, ఏ మేనమామను వదిలేస్తే అలుగుతాడు. ఒకసారి ఒక కుటుంబం మండల స్థాయి నాయకుణ్ణి జ్ఞాన తండ్రిగా తెచ్చింది. ఆయన క్రైస్తవుడే కాదు. పాపం ఆయన తప్పేమీ లేదు. పెద్దమనిషి తరహాలో పిలిస్తే వచ్చాడు. ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, "అన్నా, ఇది బిడ్డను దేవుడి దారిలో నడిపిస్తానని గుడిలో మాటివ్వడం. మీరు ఇవ్వలేని మాట మీచేత ఇప్పించడం మీకే గౌరవం కాదు. ముందు వరసలో కూర్చోండి, భోజనంలో మీదే మొదటి విస్తరి" అన్నాను. నవ్వి కూర్చున్నాడు. అలిగింది బిడ్డ తాతగారు. ఆయన నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

వేరే సంఘంలో జ్ఞానస్నానం పొందిన బంధువు ఉంటే, లూథరన్ అయినా సీఎస్ఐ అయినా, ఒక కతోలిక జ్ఞాన తండ్రి పక్కన సాక్షిగా నిలబడవచ్చు. ఇది తెలియక చాలా ఇళ్లలో అనవసరంగా మాటామాటా పెరుగుతుంది.

మేనరికాలు నడిచే మన కుటుంబాల్లో పెద్దవాళ్లు ఇంకో ప్రశ్న వేసేవారు: జ్ఞాన తండ్రికీ బిడ్డకూ మధ్య పెళ్లి చెల్లుతుందా అని. 1917 చట్టంలో ఆ వరస పెళ్లికి అడ్డంకి. 1983లో వచ్చిన కొత్త చట్టం లాటిన్ తిరుసభకు దాన్ని ఎత్తేసింది. తూర్పు తిరుసభల చట్టంలో ఇప్పటికీ ఉంది. కేరళ నుంచి వచ్చి మన దగ్గర పనిచేసే సిరో మలబారు కుటుంబాలకు ఈ నియమం వర్తిస్తుంది. అడ్డంకి పోయినా దాని వెనకున్న ఆలోచన గమనించండి. జ్ఞాన తండ్రి నిజంగానే తండ్రి లాంటివాడని తిరుసభ నమ్మింది.

నా లెక్కలో మంచి జ్ఞాన తల్లి ఎవరంటే, బిడ్డ పరీక్ష తప్పినరోజు ఇంటికొచ్చి కూర్చునే మనిషి. ఒకామె ఉండేది మా విచారణలో, కూలిపనులు చేసుకునేది. గొలుసులు ఎవరికీ వేయలేదు. తన జ్ఞాన కూతురికి తల్లి పోతే, పెళ్లయ్యేదాకా ప్రతి పండుగకూ తలంటి పోసి, పూజకు తీసుకొచ్చింది. ఆ అమ్మాయి ఇవాళ నర్సు. తన కొడుకు జ్ఞానస్నానానికి నాకు ఫోన్ చేసి, "పెదనాన్నా, నాకు దొరికినట్టు వాడికీ దొరకాలి" అంది. ఎవరిని ఎంచుకోవాలో నన్ను అడగనే లేదు, ఆమెకు తెలుసు.

5. పేరు దేశం దాటి రానక్కరలేదు

పునీతుల పేరు పెట్టడం మంచి ఆచారం. కానీ తప్పనిసరి అని చట్టం చెప్పలేదు. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు కాకూడదని మాత్రమే చెప్పింది. తెలుగు పేరు చక్కగా పెట్టుకోవచ్చు.

అసలు మన పాత కతోలిక పేర్లు చూడండి. ఇన్నయ్య, బాలశౌరి, రాయప్ప, చిన్నప్ప, జోజి, మర్రెడ్డి, లూర్దమ్మ. ఇగ్నేషియస్, జేవియర్, పేతురు, పౌలు, జోసెఫ్ ఇలా మనవాళ్లైపోయారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వైపు మొదలుపెట్టిన మిషన్‌లో జ్ఞానస్నానం పొందిన కుటుంబాల నుంచి చాలామంది తరువాత గుంటూరు సీమకు వలస వచ్చారు. ఫిరంగిపురం, ముట్లూరు లాంటి ఊళ్లలో ఈ పేర్లు తరతరాలుగా వినిపిస్తున్నాయి. తెలుగు నోటికి తగ్గట్టు పునీతుల్ని పిలుచుకున్న ఆ ముసలివాళ్లకు ఎవరూ వేదాంతం నేర్పలేదు. ఇప్పటి వాళ్లు ఇంటర్నెట్‌లో వెతికి, ఏ భాషదో తెలియని పేరు తెచ్చి, "అర్థం బాగుంది మేస్టారూ" అంటున్నారు. వద్దనను. కాకపోతే అమ్మమ్మ నోరు తిరిగే పేరు పెట్టమంటాను.

బళ్లో ఒక పేరు, గుడి పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో మరొక పేరు పెట్టుకుంటే ఆ పాపం మీ పిల్లలు అనుభవిస్తారు.

6. పుస్తకంలో ఎక్కించకపోతే సగం పనే అయినట్టు

జ్ఞానస్నానపు రిజిస్టరు నా చేతుల మీదుగా నడిచినన్నాళ్లు, దాన్ని గుడిలోని మంచి వస్తువుల్లో ఒకటిగానే చూశాను. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇచ్చిన గురువు, జ్ఞాన తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, ఊరు, జ్ఞానస్నానం జరిగిన తేదీ, చోటు. తరువాత అదే వరసలో, పక్కన వదిలిన ఖాళీలో, భద్రమైన అభ్యంగనం ఎప్పుడు జరిగిందో, పెళ్లి ఎక్కడ ఎవరితో జరిగిందో, గురువైతే గురుపట్టం ఎప్పుడో కూడా ఎక్కిస్తారు. ఒక మనిషి గుడి జీవితమంతా ఆ ఒక్క వరసలో ఉంటుంది.

అందుకే పెళ్లికి వెళ్లినప్పుడు పాత సర్టిఫికెట్ చెల్లదంటారు. ఇంట్లో బీరువాలో దాచిన కాగితం పుట్టిననాటిది. దాని మీద తరువాతి సంగతులు ఉండవు. కొత్తగా రాయించి తెమ్మంటారు. అబ్బాయికి ఇంతకుముందు పెళ్లి అయిందో లేదో తెలిసేది ఆ పక్క ఖాళీలోనే. అమ్మాయిల తండ్రులారా, ఈ ఒక్క కారణానికైనా మీరు ఆ నియమాన్ని మెచ్చుకోవాలి.

పుస్తకం ఎక్కడుంటుందంటే, జ్ఞానస్నానం జరిగిన విచారణలోనే. మీరు ఇల్లు మారినా అది మారదు. మేత్రాసనాలు విడిపోయినా సాధారణంగా పుస్తకం ఉన్న గుడిలోనే ఉంటుంది. గుంటూరు మేత్రాసనం 1940లో నెల్లూరు నుంచి విడిపడింది, ఏలూరు 1976లో విజయవాడ నుంచి, ఖమ్మం 1988లో వరంగల్ నుంచి. మీ తాతగారి పేరు వెతకాలంటే ఇప్పటి బిషప్‌గారి ఆఫీసుకు పరుగెత్తకండి. ముందు ఏ గుడిలో జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పల్లె గుళ్లలో జరిగినవి కేంద్ర విచారణ పుస్తకంలో ఉంటాయి. తడిసినవి, చెదలు పట్టినవి కూడా ఉంటాయి. నమోదు దొరక్కపోతే, జ్ఞానస్నానం చూసిన నమ్మకస్తుడైన ఒక్క సాక్షి మాట కూడా సరిపోవచ్చు. ఆ సాక్షి బతికి ఉండగానే వెళ్లండి.

7. తొట్టి ఒకటే, వాడలు రెండు

దీన్ని దాటవేసి రాస్తే నేను నిజం చెప్పనట్టే.

"మేస్టారూ, జ్ఞానస్నానం ఇప్పించండి గానీ పుస్తకంలో రాయొద్దు" అని అడిగిన కుటుంబాలున్నాయి. ఎందుకో నాకు తెలుసు, అడిగిన తండ్రికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో అలా మతం మారిన దళితులను, వారి సంతానాన్ని బీసీ-సి జాబితాలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. మాలపల్లె, మాదిగపల్లెల్లో జ్ఞానస్నానం పొందినందుకు కొడుకు ఉద్యోగం పోతుందేమోనన్న భయం గాలికి పుట్టింది కాదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ సర్టిఫికెట్ కోసం వేసిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్ననాడు ఆమెకు జ్ఞానస్నానం అయిందన్న సంగతి ఆ కేసులో పెద్ద సాక్ష్యమైంది.

నేను వాళ్లకు చెప్పిన సమాధానం మారలేదు. రాయకుండా ఇవ్వడం కుదరదు. ఆ ఉత్తర్వు అన్యాయమని పీఠాధిపతులు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు, నేనూ అంటాను. గుడి మారితే అంటరానితనం మారలేదు కదా. కానీ దొంగచాటుగా ఇచ్చిన జ్ఞానస్నానంతో బిడ్డ జీవితాన్ని అబద్ధంతో మొదలుపెట్టలేను. ఆలోచించుకుని రండి, ఎప్పుడైనా తలుపు తీసే ఉంటుంది అని పంపేవాణ్ణి. కొందరు వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్లను నేను ఒక్క మాట అనలేదు. వాళ్ల ఆకలి నాది కాదు.

బయటి చట్టాన్ని తిట్టినంత సులువు కాదు లోపలి సంగతి. ఒకే తొట్టిలో నీళ్లు పోయించుకున్నవాళ్లు చచ్చాక వేర్వేరు చోట్ల పూడ్చబడే ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. రెడ్ల ఇంటి బిడ్డకు దళితుడు జ్ఞాన తండ్రిగా నిలబడటం నేను నా కళ్లతో చూడలేదు. కులవివక్ష పాపమని భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల గురించి ప్రత్యేక విధానమే ప్రకటించింది. 2022లో పూల అంతోనిగారు కార్డినల్ అయినప్పుడు, తెలుగువాళ్లలో మొదటివాడని, దళితుల్లో మొదటివాడని మనమంతా పండగ చేసుకున్నాం. ఆ పండగ చేసుకున్న విచారణల్లోనే జ్ఞాన తండ్రిని ఏ వాడలో వెతుకుతున్నారో ఎవరికి వారు చూసుకోండి.

8. పెళ్లి కోసం జ్ఞానస్నానం వద్దు

"అమ్మాయి హిందువు. వచ్చే నెల పెళ్లి. ఈలోగా జ్ఞానస్నానం ఇచ్చేయండి." ఈ మాట వినని ఉపదేశి ఉండడు.

పెద్దవారికి జ్ఞానస్నానమంటే తానుగా కోరుకోవాలి, విశ్వాసం నేర్చుకోవాలి, ఆ బతుకు కొంతకాలం బతికి చూడాలి. తొలి శతాబ్దాల్లో మూడేళ్లు పట్టేదని పాత గ్రంథాలు చెబుతాయి. ఆ పద్ధతిని తిరిగి తెమ్మని రెండో వాటికన్ మహాసభ చెబితే, 1972లో పెద్దల క్రైస్తవ ప్రవేశ క్రమం వెలువడింది. అందులో మెట్లున్నాయి: విచారించి తెలుసుకునే కాలం, తరువాత సత్యోపదేశం వినే కాలం, తపస్సు కాలం మొదటి ఆదివారం ఎన్నిక. మూడు, నాలుగు, ఐదు ఆదివారాల్లో సమరయ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు సువార్తలు చదివి వారికోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తారు. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, మొదటి దివ్యసత్ప్రసాదం మూడూ ఒకేసారి. ఆ తరువాత పెంతెకోస్తు దాకా, పొందినదాన్ని అర్థం చేసుకునే కాలం.

నెల రోజుల్లో ఇది కుదరదు. కుదరనక్కరలేదు కూడా, ఎందుకంటే వేరే మతం వారిని పెళ్లాడటానికి పీఠాధిపతి అనుమతి ఇస్తారు. కతోలిక పక్షం వారు తమ విశ్వాసాన్ని నిలుపుకుంటామని, పిల్లల్ని అందులో పెంచడానికి తమకు చేతనైనంత చేస్తామని మాటివ్వాలి. రెండోవారికి ఆ సంగతి తెలియజేస్తే చాలు. వాళ్లు ఏ మాటా ఇవ్వక్కరలేదు, మతం మారక్కరలేదు. ఇది చెబితే అబ్బాయి తల్లి మొహం ముడుచుకుంటుంది, అమ్మాయి తండ్రి కళ్లు చెమరుస్తాయి. నాకు ఆ తండ్రి పక్షాన నిలబడటం ఇష్టం. అత్తగారి మెప్పుకోసం తలవంచిన కోడలు, ఆ అత్తగారు పోగానే గుడి మానేసిన సందర్భాలు కోకొల్లలు.

అనుమతితో పెళ్లి చేసుకుని, పదేళ్లూ పదిహేనేళ్లూ మొగుడి పక్కన పూజకు వచ్చి కూర్చుని, ఒకరోజు తనంతట తానే "నాకూ నేర్పండి అన్నయ్యగారూ" అని వచ్చినవాళ్లున్నారు. వాళ్లకు పాఠం చెప్పడం నా ఉద్యోగంలో నాకు దక్కిన సుఖం. వాళ్లు అడిగే ప్రశ్నలకు పుట్టు కతోలికులు జవాబు చెప్పలేరు.

9. ఇంకో సంఘం నీళ్లను తక్కువ చేయకండి

గుంటూరు చుట్టుపక్కల 1842 నుంచి లూథరన్లు ఉన్నారు. సీఎస్ఐ వారు చాలా జిల్లాల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరైనా కతోలికులు కావాలనుకుంటే మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీళ్లతో, త్రిత్వ నామంలో జరిగిందని తేలితే అది చెల్లుతుంది. విశ్వాస ప్రకటన చేయించి చేర్చుకుంటారు. కొన్ని చిన్న సంఘాలు త్రిత్వం పేర్లు పలకకుండా యేసు నామంలో మాత్రమే ఇస్తాయి; అక్కడ విచారించాలి. అనుమానం తీరకపోతేనే షరతుతో ఇస్తారు.

దీనికి తిరుగు గొడవ కూడా ఉంది. మన పిల్లల్ని పట్టుకుని, "పసితనంలో చల్లింది చెల్లదు, కృష్ణలో మునగాలి" అంటారు కొందరు పాస్టర్లు. కతోలిక చట్టం ముంచడాన్నీ, తలపై పోయడాన్నీ రెండింటినీ ఒప్పుకుంటుంది. పారే నీళ్లు గానీ, ముంచడానికి వేరే నీళ్లు గానీ దొరక్కపోతే తలమీద మూడుసార్లు పోయమని డిడాకే అనే అతిపాత క్రైస్తవ పుస్తకంలోనే ఉంది. ఈ సంగతి చెప్పి ఊరుకోండి. గొంతు పెంచి వాదించి గెలిచిన వాణ్ణి నేను చూడలేదు, మాటలు మానుకున్న అన్నదమ్ముల్ని మాత్రం చూశాను.

10. భద్రమైన అభ్యంగనం సెలవు చీటీ కాదు

జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం ఈ మూడూ కలిస్తేనే క్రైస్తవ ప్రవేశం పూర్తి. తూర్పు తిరుసభల్లో పసిబిడ్డకే అభ్యంగనం కూడా ఇచ్చేస్తారు. 1999లో ఏర్పడిన ఆదిలాబాదు సిరో మలబారు మేత్రాసనంలో చూడవచ్చు. మన లాటిన్ పద్ధతిలో ముక్కలుగా జరుగుతుంది. 1910లో పోపు పదో భక్తినాథులవారు (పయస్) మొదటి సత్ప్రసాదాన్ని ఏడేళ్ల వయసుకు దించాక, అభ్యంగనం చాలాచోట్ల దాని వెనక్కు పోయింది.

ఏం జరుగుతుందంటే, వేసవి సెలవుల్లో సిస్టరమ్మలు పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పుతారు, తెల్లగౌన్లు కుట్టిస్తారు, బిషప్‌గారు వస్తారు, నుదుట తైలం పెడతారు. ఆ తరువాతి ఆదివారం నుంచి ఆ పిల్లలు కనిపించరు. ట్యూషన్లు, ఇంటర్, ఈఏపీసెట్. నారు పోసి మడిని గాలికి వదిలేస్తే పంట ఇంటికొస్తుందా? తప్పు పిల్లలది కాదు. ఇంట్లో తండ్రి పూజకు రాడు, "నువ్వు వెళ్లిరా నాన్నా" అంటాడు. కొడుక్కి ఆ ఆజ్ఞ కంటే ఆ ఖాళీ బెంచీ బాగా అర్థమవుతుంది.

పోపు ఫ్రాన్సిస్‌గారు విశ్వాసుల్ని పదేపదే అడిగేవారు: మీ జ్ఞానస్నానం తేదీ మీకు తెలుసా అని. మా విచారణలో ఇదే ప్రశ్న యువకుల సమావేశంలో వేస్తే, పుట్టినరోజుతో పోలిస్తే పదోవంతు మంది కూడా చెప్పలేకపోయారు. కాబట్టి చదువుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. ఈ నెలలో మీ ఊరెళ్లినప్పుడు విచారణ ఆఫీసుకు వెళ్లి, మీదీ మీ పిల్లలదీ జ్ఞానస్నానపు నమోదు చూపించమనండి. సంవత్సరం, పుట, వరస సంఖ్య రాసిపెట్టుకోండి. అక్షర దోషాలుంటే ఆధార్, బడి కాగితాలు తీసుకెళ్లి గురువులచేత సరిచేయించండి. అభ్యంగనం, పెళ్లి వివరాలు ఎక్కించకపోతే ఎక్కించమనండి. పెళ్లికి రెండు వారాల ముందు పరుగెత్తుకొస్తే నాలాంటి ముసలి ఉపదేశులు కూడా ఏమీ చేయలేరు.